చెయ్యి అందినంత మేర

మా సైన్సు టీచర్ పోయారని మొన్న పొద్దున శామీర్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరాడక పోయారట. ఆవిడ గురించి మీకైనా చెప్పుకోకపోతే ఉండలేను.

తొంభైల్లో మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలుండేవి. మాదీ ఒకటి. నేను పదో తరగతిలో ఉండగా తోట పక్కన కంకర మిషన్ పెట్టారు. ఆకులన్నీ దుమ్ము. గుత్తులు గోలీలంత కూడా కాలేదు. రోగమనుకుని నాయిన మందు మీద మందు కొట్టాడు. ఆ తోట పోతే మాకు బతుకే లేదు.

టీచర్ వచ్చి ఒక తీగకు కొన్ని ఆకులు నాతో తుడిపించారు. మర్నాడు సాయంత్రం తుడిచిందొకటి, తుడవనిదొకటి కోసి, స్పిరిట్లో ఉడికించి అయోడిన్ వేశారు. తుడిచిన ఆకు పిండిపదార్థం ఉన్నట్టు నల్లబడింది. రెండోది పాలిపోయి అట్లాగే ఉంది.

"అన్నా, గిది రోగం కాదు, ఆకలి," అన్నారు నాయినతో. "ఆకుల హరితరేణువులుంటయి. అవి వెలుతురు పట్టుకొని నీళ్లను విడగొడ్తయి. గా శక్తితోనే గాలిల నుంచి చక్కెర జేస్తయి. నీళ్లున్నయ్, గాలున్నది. పొయ్యి అంటుకోకుంటే అన్నమెట్లయితది?"

"మరేం జేద్దాం టీచరమ్మా?"

"తుడువాలె."

"గిన్ని ఆకులా?"

"అందినయన్ని."

ప్రతి ఆదివారం మా క్లాసంతా తడిగుడ్డలు పట్టుకుని తోటలో దిగింది. చంటిపిల్లకు మూతి తుడిచినట్టు తుడిచేవారావిడ. "తిను, జల్దీ తిను," అని ఆకుల్ని గదమాయించేవారు. మేం నవ్వేవాళ్లం. మధ్యాహ్నానికల్లా మళ్లీ దుమ్మే. మిషన్ ఆపించమని ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి నాయిన తీగలు పీకించిన రోజు గట్టు మీద కూర్చుని మాకంటే ఎక్కువ ఏడ్చారు.

రిటైరయ్యాక శామీర్‌పేటలో ఉన్నారు. అక్కడా వాకిలి ముందు నుంచే కంకర లారీలు. ఆయాసం పట్టుకుంది. దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు డాక్టరు. వెళ్లినప్పుడల్లా నేనూ బతిమాలాను. గేటు పక్క జామచెట్టు చూపించి, "దానికెవరు పెడ్తరు బిడ్డా?" అనేవారు. ఆ మొండితనం మీద నాకిప్పటికీ కోపమే.

మొన్న నేను చేరేసరికే ఆవిణ్ని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. గేటు దగ్గర జామచెట్టు. ఆవిడ చెయ్యి అందినంత మేర ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఆ పైనంతా బూడిద రంగు. జేబురుమాలు తడిపి మొదటి ఆకు పట్టుకున్నాను. రోడ్డు మీద లారీ వెళ్లింది. ఆవిడ తుడిచిన ఆకులన్నిటి మీదా దుమ్ము మెల్లగా దిగుతోంది.