అక్క మూడు చక్రాల సైకిలు

మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు నన్ను రోజూ కాసేపు సైకిలు తొక్కమన్నాడు. పెళ్ళయ్యాక నేను సైకిలు ముట్టుకోలేదు. చోడవరంలో ఆఫీసుకీ, బజారుకీ స్కూటీయే. సరే కొందామని విశాఖపట్నం బయల్దేరుతూ, తోడుకి అక్కని రమ్మన్నాను.

అక్క మా వీధిలోనే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. బ్లౌజులు కుడుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఎడం చెయ్యి మోకాలి మీద ఆనించి నడుస్తుంది. కుట్టిన బట్టలు ఇచ్చి రావాలంటే ఆటో కోసం ఎండలో నిలబడాలి, లేదా నేను స్కూటీ మీద దింపాలి. "నీకు కాళీ ఉన్నపుడేలే" అనేది ఎప్పుడూ. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మేం వెళ్ళిన షోరూమ్‌లో అన్నీ ఒకే కంపెనీ సైకిళ్ళు. పక్కచక్రాలున్న పిల్లల బుల్లి సైకిళ్ళు, కాలేజీ కుర్రాళ్ళ గేర్ల సైకిళ్ళు, పాలక్యాన్లు మోసే బరువైనవి, బ్యాటరీవి. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు ఒకటి నాకు నచ్చింది. తిరిగి చూస్తే అక్క పక్కన లేదు. గోడవార ఒక సైకిలు ముందు నిలబడి ఉంది. దానికి ముందు ఒక చక్రం, వెనక రెండు, ఆ రెండింటి మధ్య పెద్ద బుట్ట.

"ఇదేటే? రిక్షాయా?" అంది అక్క.

"కాదమ్మా, పెద్దవాళ్ళు తొక్కుకునే సైకిలే. ఆగినా పడిపోదు" అంది షోరూమ్ ఆవిడ. "కావాలంటే పార్కింగులో తొక్కి చూడండి."

అక్క తల అడ్డంగా ఊపింది. అక్కని ఒప్పిద్దామని ముందు నేనెక్కాను. రెండు చక్రాల అలవాటుకొద్దీ మలుపులో ఒళ్ళు వంచేసరికి సైకిలు నా మాట వినలేదు. తిన్నగా వెళ్ళి గోడకి తగిలింది. అక్క పకపకా నవ్వింది.

"దిగు, దిగు. నాకు సూడనీ."

ఎక్కాక మొదట ఎడమపాదం పెడల్ మీద నిలవలేదు. షోరూమ్ ఆవిడ లోపలినుంచి ఒక పట్టీ తెచ్చి పాదాన్ని పెడల్‌కి వదులుగా బిగించింది. కుడికాలు తొక్కుతుంటే ఎడమకాలు దాని వెంట తిరిగింది. ఏ పాత అలవాటూ లేదు కాబట్టి అక్క హ్యాండిల్ ఎటు తిప్పితే సైకిలు అటు వెళ్ళింది. పార్కింగంతా చుట్టొచ్చింది. ఆగాక చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఇంకోసారి తిరిగొస్తాను" అంది.

రెండు సైకిళ్ళూ లోడ్ ఆటోలో చోడవరం వచ్చేయి.

మొదట్లో వీధిలో అందరూ చూసేవారు. అక్క తలదించుకుని తొక్కేది. వారం తిరక్కుండానే వెనక బుట్టలో బ్లౌజులు పెట్టుకుని ఒక్కర్తే తిరగడం మొదలెట్టింది. పొద్దున్నే ఇద్దరం కె.కోటపాడు రోడ్డు వైపు వెళ్ళేవాళ్ళం. ఒకరోజు నన్ను దాటేసి వెళ్ళాలని సరదా పుట్టింది కాబోలు, చెరుకుతోట పక్క మలుపు జోరుగా తిప్పింది. ఒక చక్రం పైకి లేచింది. సైకిలూ, అక్కా కలిసి రోడ్డు పక్క బురదలో పడ్డారు.

నా సైకిలు పడేసి పరిగెత్తాను. పట్టీ విప్పి లేవదీస్తే మోచెయ్యి దోక్కుపోయి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. నొప్పేమో అనుకున్నాను.

"సైకిలు మీంచి పడ్డానే" అంది. "సిన్నపుడు మీరందరూ పడొచ్చి దెబ్బలు సూపించుకునీవోరు. నాకు సూపించడానికి ఒక్కటీ లేకపోయింది."

ఇద్దరం ఆ బురదలోనే కూర్చుని నవ్వాము. నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మలుపుల్లో నెమ్మదిగా వెళ్తోంది, కానీ మానలేదు. మొన్న దేవరాపల్లి నుంచి ఒకావిడ బ్లౌజులకి వచ్చింది. తుంటి ఆపరేషనయ్యాక ఎవరైనా తీసుకొస్తే తప్ప ఇల్లు కదలడం లేదట. వాకిట్లో సైకిలు చూసి, ఎవరిదని అడిగింది. అక్క చేతిలో టేపు పక్కన పెట్టేసి లేచింది.

"నాదే. కొలతలు తరవాత. ముందు మీ డాక్టర్ని అడగండి, తొక్కొచ్చో లేదో" అంది. "సరేనంటే బ్రేకు ఎలా ఎయ్యాలో నాను నేర్పుతాను."

ఆవిడ అక్కడే నిలబడి ఫోన్ తీసింది.