మాట వెనక్కి తీసుకోమన్న మెహరక్క

కడపలో మా ఆఫీసు ఉన్న వీధిలో శుక్రవారం పొద్దున ఒక ఫకీరు సాంబ్రాణి పొగ వేసుకుంటూ వెళ్తాడు. ప్రతి అంగడి ముందూ ఆగి, గల్లాపెట్టె మీదికి పొగ విసిరి, నెమలీకల కట్టతో యజమాని తల మీద తట్టి, ఇచ్చింది తీసుకుని కదులుతాడు. మా ఆఫీసు మెట్లు మాత్రం ఎక్కనివ్వరు. పైకప్పులో పొగను పసిగట్టే యంత్రాలున్నాయి. అవి మోగితే అంతస్తులన్నీ ఖాళీ చేయాలి. మొన్న ఎవరో తలుపు తీసిపట్టుకుని మాట్లాడుతుంటే ఆ పొగ లోపలికి వచ్చింది. నా కింద పనిచేసే పిల్లలు ముక్కులు మూసుకున్నారు, ఒకడు సెక్యూరిటీకి ఫోన్ చేయబోయాడు. నేను వాణ్ణి ఆపి కాసేపు అట్లాగే నిలబడ్డాను. ప్రొద్దుటూరులో మెహరున్నీసా అక్క కంప్యూటర్ సెంటర్‌లో శుక్రవారమంతా ఇదే వాసన ఉండేది. నా మొదటి ఉద్యోగం దొరికింది అక్కడే, ఊడిందీ అక్కడే. ఊడినది మళ్ళీ ఎట్లా దొరికిందో చెప్పకపోతే ఆమె సంగతి చెప్పినట్టు కాదు.

అవి ఫ్యాక్షన్ గొడవలు ముదిరి ఉన్న రోజులు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గొర్రెలు కాసే మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. కంప్యూటర్ కోర్సు కూడా చేశాను, ఒక్కో మిషను ముందు నలుగురం ఒకరి మోచేయి ఒకరికి తగిలేలా కూర్చుని. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ప్రొద్దుటూరులో కంప్యూటరున్న ప్రతి గుమ్మమూ ఎక్కాను. నూనె మిల్లులో, బంగారు అంగళ్ళలో, ఆడిటరు దగ్గర అందరూ రెండే ప్రశ్నలు అడిగేవారు: ఎక్స్‌పీరియన్స్ ఎంత, ఏ ఊరు? మొదటిదానికి నేను తల దించుకునేవాణ్ణి. రెండోదానికి జవాబు చెప్పగానే వాళ్ళు తల దించుకుని ఏవో కాగితాలు సర్దుకునేవారు. మా పల్లె పేరు చెబితే చాలు, ఫలానా పెద్దాయన మనుషులని లెక్క. ఆయన ఏళ్ళ తరబడి పార్టీలు మారుస్తూ వచ్చాడు గానీ మా పల్లెల మీద పట్టు మాత్రం వదల్లేదు. పని దొరకని కుర్రాళ్ళు చివరికి ఆయన జీపెక్కేవారు. జీపెక్కినవాడికి తిండికీ బట్టకూ లోటుండదు, సాయంత్రం ఇంటికి వస్తాడన్న నమ్మకమే ఉండదు. మా వీధిలో నా ఈడువాడు ఓబులేసు అప్పటికే ఎక్కాడు. కనబడినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేసి, "ఎన్నాళ్ళు తిరుగుతావురా ఆ డబ్బాల ఎనకాల? వచ్చెయ్ మాతో," అనేవాడు. వాడు ప్రేమగానే పిలిచేవాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది.

మెహరక్క ఆ రెండు ప్రశ్నలూ అడగలేదు. భర్త కువైట్‌లో ఉండేవాడు. ఆయన కొనిపెట్టిన మిషన్లతో పెళ్ళి పత్రికలు, అర్జీలు, కరపత్రాలు కంపోజ్ చేసి ఇచ్చేది. గుమ్మంలో నిలబడ్డ నన్ను ఎగాదిగా చూసి, "తిడితే ఏడుస్తావా?" అంది.

"ఏడవనక్కా."

"అయితే కూచో."

ఎక్స్‌పీరియన్స్ లేదని నేనే చెప్పాను. దాచి తర్వాత తన్నులు తినడమెందుకని. ఆమె నవ్వింది. "యాడినుంచి వస్తాది? చెడగొట్టేదానికి ఎవురో ఒకరు మిషను ఇయ్యాల గదా. నాకు మా ఆయన ఇచ్చినాడు. నీకు నేనిస్తాండా. చెడగొట్టు."

నిజంగానే చెడగొట్టాను. ఎవరిదో పెళ్ళి పత్రిక సేవ్ చేయకుండా మూసేసి, పెళ్ళికొడుకు తండ్రి ఎదురుగా కూర్చుని ఉండగానే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె తిట్లు వీధి చివర టీ అంగడి దాకా వినిపించి ఉంటాయి. తిట్టి, అదే ఊపిరితో నాకు టీ తెప్పించింది. ఇంత హాయిగా తిట్టేవాళ్ళ దగ్గర జీవితాంతం పనిచేయవచ్చనిపించింది నాకు.

అది ఒక్క వారం నడిచింది. తర్వాత మా నాయన చేయవలసిన పని చేశాడు. మా వైపు ఇంట్లో ఏ మంచి జరిగినా పెద్దాయన చెవిన వేయాలి. వేయకపోతే పొగరు అంటారు, ఆ మాట పడితే ఊళ్ళో మనశ్శాంతి ఉండదు. నాయన వెళ్ళి మావాడికి పని దొరికింది, మీ మాట కూడా ఒకటి పడితే గట్టిగా ఉంటుందని చెప్పుకున్నాడు. మర్నాడు సెంటర్ ముందు జీపు ఆగింది. ఓబులేసు దిగి, చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి, నా వైపు కన్ను గీటి, "అక్కా, ఈడు మా పిల్లోడు. బాగ చూసుకోమని పెద్దాయన చెప్పినాడు," అన్నాడు. నాకేదో గొప్ప మేలు చేసినట్టు వెళ్ళిపోయాడు.

మెహరక్క తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది. "నీ సంచి తీసుకో అబ్బీ. రేపట్నుంచి రావద్దు," అంది.

"నేనడగలేదక్కా. మా నాయన తెలీక..."

"ఎవురడిగితే ఏంది? ఈడికి రెండు పార్టీలోళ్ళూ వస్తారు. వాళ్ళ కరపత్రమూ, వీళ్ళ కరపత్రమూ ఈ మిషన్లలోనే కొడతాం. పెద్దాయన మనిషి ఈడ కూచున్నాడని తెలిస్తే అవతలోళ్ళు నన్ను షట్టర్ ఎత్తనిస్తారా?"

ఆ మాటలో అబద్ధం లేదు. బస్టాండు దాకా వెళ్ళాను. జమ్మలమడుగు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కితే ఊరు, ఊళ్ళో ఆ జీపు. ఎక్కలేక వెనక్కి వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. ఏమి అడగాలో తెలియలేదు, ఊరికే నిలబడ్డాను. చాలాసేపటికి ఆమె తలెత్తి, "ఆయన మాట ఆయనే వెనక్కి తీసుకోవాల. పోయి చెప్పు," అంది.

"అట్ల చెప్తే బతకనిస్తారా అక్కా?"

ఆమె లేచింది. మిషన్లు ఆపి, మేకుకు తగిలించిన బురఖా తీసి వేసుకుని, షట్టర్ దించింది. "పా. నేనూ వస్తా."

పెద్దాయన ఇంటి ముందు పందిరి కింద పదిమంది దాకా కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళో మడిచి పెట్టుకున్న తువ్వాళ్ళ కింద ఏముందో మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఓబులేసు నన్ను చూసి నవ్వబోయి, పక్కనున్న బురఖా చూసి ఆగిపోయాడు. ఆ వాకిట్లో ఏదైనా అడగడానికే వస్తారు, ఇచ్చినది వద్దనడానికి ఎవరూ రారు. మెహరక్క పందిరి అంచున నిలబడి మొదలుపెట్టింది.

"అన్నా, ఈ పిల్లోని గురించి మీరొక మాట పంపినారు. ఆ మాట వెనక్కి తీసుకోండి."

పందిరి కింద ఎవరో కదిలారు. పెద్దాయన చేతిలోని పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "నా మాట నీకు బరువైందా మ్మా?"

"బరువేనన్నా. మీ మాట మీద పెట్టుకుంటే రేపు వాడు తప్పు కొడితే నేను తిట్టలేను. తిట్టకపోతే వానికి పని రాదు. పని రాకపోతే ఆ పేరు మీకే వస్తాది."

ఆయన ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా?"

ఆ ఒక్క ప్రశ్నకు నా ఊరు, నాయన, గొర్రెలు, అన్నీ ముడిపడి ఉన్నాయి. "నాకు పని రాదన్నా. ఆయక్క తిడితే నేర్చుకుంటా," అన్నాను.

ఆయన పత్రిక విప్పుకుంటూ, "పో," అన్నాడు.

ఆ పో అంటే ఏమిటో మాకెవరికీ అర్థం కాలేదు. సరేలే పొమ్మన్నాడో, పో నీ సంగతి చూస్తానన్నాడో. తిరుగు బస్సులో మెహరక్క టికెట్టు తీసుకోబోతే చిల్లర చేతిలోంచి జారి కింద పడింది. వంగి ఏరి ఇస్తే మళ్ళీ జారిపోయింది. "భయమేసిందా అక్కా?" అంటే, "ఏయదా మరి? నేనేమన్నా రాతితో చేసినదాన్నా," అని కిటికీ వైపు తిరిగింది. భయం లేనివాళ్ళే ధైర్యంగా ఉంటారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

మర్నాడు వెళ్ళేసరికి సెంటర్‌లో బల్లలు మారి ఉన్నాయి. గుమ్మం పక్కనుండే నా మిషను లోపలి గోడ మూలకు పోయింది, అక్కడుండే ఆమె కుర్చీ గుమ్మంలోకి వచ్చింది. ఎందుకని అడిగితే, "నాకు గాలి కావాలబ్బీ," అంది. నేను నమ్మాను. చలికాలం వచ్చింది. పొద్దున పూట శాలువా కప్పుకుని, ముక్కు తుడుచుకుంటూ ఆమె ఆ గుమ్మంలోనే కూర్చునేది. అప్పటికీ నాకు తట్టలేదు, చదువుకున్న మొద్దును.

ఒక మధ్యాహ్నం ఆ జీపు మళ్ళీ వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. నేను లేవబోయాను. "లేయొద్దు. కొడతానే ఉండు," అంది మెహరక్క వెనక్కి తిరగకుండానే. ఆమె కుర్చీని ఇంకొంచెం జరుపుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆ వీపు వైపు చూస్తూ ఏవో మీటలు నొక్కుతూ పోయాను. గాలి సంగతి అప్పుడు అర్థమైంది, కళ్ళు మసకబారి తెర కనిపించలేదు.

దిగింది ఓబులేసు. ఈసారి చెప్పులు బయట విప్పాడు. చేతిలో ఒక కాగితం. "పెద్దాయన కరపత్రం అక్కా. పొద్దుగూకేలోపల కావాలంట. తప్పులుంటే నిన్నే తిడతాడంట," అన్నాడు.

"వాన్ని నేను తిడతాలే," అని కాగితం తీసుకుని నాకు అందించింది.

జీపు వెళ్ళాక, "ఇంక నేను కూచుంటా ఆడ," అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను అక్కడ పనిచేసిన మూడేళ్ళూ ఆ కుర్చీ కదల్లేదు. ఆ మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌తోనే తర్వాతి ఉద్యోగాలన్నీ వచ్చాయి.

పోయిన ఏడాది మెహరక్క పులివెందులలో కూతురి ఇంట్లో కన్నుమూసింది. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళలో సగం మంది మొదటి ఉద్యోగానికి నా దగ్గరికే వచ్చినవాళ్ళు. నాకు లోపల అద్దాల గది ఇచ్చారు. నేను మాత్రం తలుపు పక్కనే బల్ల వేయించుకున్నాను. ఎందుకు సార్ ఇక్కడ అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. గాలి కావాలంటాను. ఏసీ ఆఫీసులో గాలేమిటని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ లోపలికి పోయి కూర్చుంటారు.