కొండకేసి మొహం పెట్టి దిగిన రోలరు

మా పక్కింటి రోలరు మావ పోయాడు. ముంచింగిపుట్టు సంతలో నేను మైకు పట్టుకుని రోడ్డు లేని ఊళ్ల గురించి అరుస్తున్నప్పుడు ఆయన కూతురు ఫోను చేసిందట. అక్కడ సిగ్నలు ఉండి చస్తేనా? తిరుగు ప్రయాణంలో జీపు కొండెక్కాక గానీ కబురు అందలేదు. యాభై దాటిన నన్ను ఇంకా చిన్న ఆడపిల్లలా ‘గుంటా’ అని పిలిచే మనిషి ఒక్కడే మిగిలాడు, ఆ ఒక్కడూ వెళ్లిపోయాడు.

ఆయన మాకు చుట్టం కాదు. సాలూరు వైపు నుంచి కుర్రతనంలో రోడ్ల డిపార్టుమెంటు కూలీగా కొండెక్కి, బొగ్గు వేసే పనిలో కుదిరి, చివరికి ఆవిరి రోలరుకి డ్రైవరైన మనిషి. అరకులో ఇల్లు కట్టుకుని మా పక్కన స్థిరపడ్డాడు. అణకువ గల మనిషి అని మాత్రం రాయలేను. ఈ ఘాటు రోడ్డంతా తానొక్కడే వేసినట్టు మాట్లాడేవాడు. రాయి కొట్టిందీ, తట్టలు మోసిందీ, గెడ్డ నుంచి నీళ్లు తెచ్చిందీ హుకుంపేట ఆడవాళ్లు కదా అని నేను లేస్తే, “మరి నాను కాదన్నానేటి? ఆల్లు పరిసేరు, నాను తొక్కేను” అనేవాడు. ఆ ఆడవాళ్లలో మిగిలినవాళ్లని అడిగాను. వాళ్లకు గుర్తున్నది రోడ్డు కాదు. మధ్యాహ్నం బండి ఆపి, బొగ్గు పార మీద చిలగడదుంపలు పెట్టి పొయ్యిలోకి తోసి కాల్చి పెట్టేవాడట. ఆ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదన్నారు.

ఆయన్ని మొదటిసారి చూసింది ఘాటులో. నేను బస్సులో అరకు వస్తున్నాను. మలుపులో బస్సు ఆగిపోయింది. ఎదురుగా రోలరు దిగుతోంది, అదీ వెనక్కి! మెడ తిప్పి భుజం మీదుగా చూసుకుంటూ, నింపాదిగా నడుపుతున్నాడు. మా కండక్టరు కిందికి దూకాడు.

“ఏటి మావా ఇది? మూతి అటెట్టి దిగడమేటి? బేగి పక్కకి తియ్యి!”

“నా బండి ఇలగే దిగుతాది. నీకు బేగి కావాలంటే ఎగిరెల్లిపో.”

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి పోట్లాడాను. మా పరిచయం అలా మొదలైంది.

అలా ఎందుకు దిగుతాడో తర్వాత చాలాసార్లు చెప్పాడు, అడక్కపోయినా. ఆవిరి రోలరులో పొయ్యి వెనకవైపు, డ్రైవరు కాళ్ల దగ్గర ఉంటుంది. దాని చుట్టూ, పైనా నీళ్లు. పొయ్యి పైకప్పుని ఆయన ‘నెత్తి’ అనేవాడు. నిప్పున్నంతసేపూ ఆ నెత్తి నీళ్లలో మునిగి ఉండాలి. మూతి కిందికి పెట్టి ఘాటు దిగితే నీళ్లన్నీ ముందుకి జారిపోతాయి, నెత్తి ఎండిపోతుంది, ఇనుము ఎర్రగా కాలుతుంది. అక్కడ బిగించిన సీసం బిరడా కరిగితే ఆవిరి పొయ్యిలోకి చిమ్మి నిప్పు ఆర్పేస్తుంది. అది కరగకపోతే బాయిలరే పేలిపోతుంది. అందుకని మొహం కొండకేసి పెట్టి వెనక్కి దిగడం ఆయన పద్ధతి.

బాగానే ఉంది. కానీ నేను చూసిన రోజున ఆయన నడుపుతున్నది డీజిలు రోలరు! దానికి పొయ్యీ లేదు, నెత్తీ లేదు. ఆవిరి బండి షెడ్డుకి చేరాక కూడా, రిటైరయ్యేదాకా, ఘాటులో ఆ డీజిలు బండిని వెనక్కే దించాడు. ఎందుకంటే, “మెడకి అలవాటైపోనాది” అన్నాడు.

మేం రోజూ వాదించుకునేవాళ్లం. మీ రోడ్డు మీద కలప కిందికి పోయింది, రిసార్టులు పైకొచ్చాయి, కొండమీది గర్భిణి మాత్రం ఇంకా డోలీలోనే దిగుతోంది అని నేను. “నువ్వు రాసే పత్రిక ఏ రోడ్డు మీదొచ్చింది గుంటా?” అని ఆయన. నా గొంతు లేచేసరికి లోపలికెళ్లి చెంబు తెచ్చేవాడు. “నీ నెత్తి మీద నీల్లు తగ్గినాయి. ముందు తాగు, అప్పుడు తిట్టు.” తాగేదాన్ని. తిట్టేదాన్ని.

రిటైరయ్యాక కూడా వారం వారం షెడ్డుకి వెళ్లి ఆ పాత బండికి నూనెగుడ్డ పెట్టేవాడు. పొగగొట్టంలోకి వాన పడకుండా రేకుడబ్బా బోర్లించేవాడు. కిందటేడు దాన్ని పాతఇనుము కింద కోసేయాలని నిర్ణయం వచ్చింది. నాకు ఒళ్లు మండింది. దాన్ని అరకులోనే నిలబెట్టాలి, రాయి మోసిన ఆడవాళ్ల పేర్లతో బోర్డు పెట్టాలి అని వ్యాసం రాశాను, సంతకాలు సేకరించాను. ఈలోగా సముద్రం ఒడ్డు హోటలువాడెవడో గేటు దగ్గర అలంకారానికి కావాలన్నాడు. మావ స్వయంగా వెళ్లి బేరం కుదిర్చి వచ్చాడు.

“సెల్ఫీల కోసమా మావా? సిగ్గుగా లేదూ?”

“నీ బోర్డు వచ్చీలోపల గ్యాసు కటింగోడు వచ్చేత్తాడు. గేటు కాడైతే ముక్కలవ్వకుండా ఉంటాది గదా. ఆ సిగ్గేదో నన్నే పడనీ.”

ఆ నిర్ణయం తప్పని అప్పుడు ఆయన ముఖానే అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. ప్రజల చెమటతో తిరిగిన యంత్రం ప్రజల మధ్య ఉండాలి. ఆయనకి మాత్రం అది ముక్కలు కాకపోతే చాలు.

పొడవాటి ట్రైలరు లారీ వచ్చింది. కుర్రాళ్లు తాడు కట్టి రోలరుని పైకి లాగారు, మూతి లారీ ఇంజనువైపు. మావ వెళ్లి లారీ ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

“తిప్పండి. దిగినప్పుడు దాని మొకం కొండకుండాల.”

“తాతా, దాన్లో నీల్లు లేవు, నిప్పు లేదు, ఏటి కాలిపోతాది?”

నేనూ అదే చెప్పాను. అర్థం లేని పట్టుదల మావా, లే అన్నాను.

“నాకు తెల్దేటి?” అన్నాడు నావైపు చూసి. “దానికెవుడు సెప్పేడు?”

దాంతో నేను కుర్రాళ్ల మీద పడ్డాను. పెద్దాయన చెప్పినట్టు తిప్పకపోతే బండి కదలదన్నాను. వాళ్లు గొణుక్కుంటూ రోలరుని దించారు, లారీని తిప్పారు, అటునుంచి మళ్లీ లాగారు. మావ రోలరు సీటెక్కి, బిర్రబిగిసిన స్టీరింగుని రెండు చేతులా తిప్పుతూ, “నీ నోరు ఇన్నాల్టికి ఒక పనికొచ్చింది గుంటా” అని నవ్వాడు. పూటంతా దానికే పోయింది.

ఆటోలో వాళ్ల వెనకే అనంతగిరి దాటి, ఘాటు దిగే చోటుదాకా వెళ్లాం. మావ రోడ్డంచున రాయి మీద నిలబడ్డాడు. లారీ మొదటి మలుపు తిరిగి చెట్లలోకి పోయింది. కాసేపటికి కింది మలుపులో కనబడింది. పొగగొట్టం, గుండ్రటి నల్లటి మొహం, ముందు చక్రం, అన్నీ మా వైపే. మళ్లీ మాయమైంది. ఇంకా కిందికి, కాఫీతోటల సందులో, మళ్లీ కనబడింది. కనబడిన ప్రతిసారీ మావ చెయ్యెత్తి, వెనక ఎవరూ అడ్డు లేరు, పో పో అన్నట్టు ఊపాడు. అట్టడుగు మలుపులో అగ్గిపెట్టెంత అయిపోయింది. అప్పుడు కూడా దాని మొహం మా వైపే ఉంది.