మియెన్ చేతి బోణీ

ఇప్పుడు మా చేటల సందులో ఎవర్ని కదిపినా, "అబ్బే, అలాంటిదేం లేదండీ, మియెన్ అంటే మాకు ప్రాణం" అంటారు. అబద్ధం. సందు మూల మీద ఐసు టీ అమ్ముకునేదాన్ని నేను. నా బల్ల దాటకుండా కుక్క కూడా లోపలికి పోదు. ఏం జరిగిందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

పగలంతా మా సందులో అల్యూమినియం గిన్నెల కొట్లు. సాయంత్రం వాళ్ళు షట్టర్లు దించగానే ఆ గుమ్మాల ముందే మా పొయ్యిలు, ప్లాస్టిక్ పీటలు వెలుస్తాయి. అప్పుడు పడాలి బోణీ. బోణీ చేసిన మనిషిని బట్టే ఆ పూట బేరం. ప్రతి మనిషి వెంటా ఒక వియా నడుస్తుందని మావాళ్ళ నమ్మకం. అది కంటికి కనపడదు, గాలి లాంటిది. వియా తేలికైన మనిషి మొదటి గిన్నె తింటే ఆ పూట కుండ ఖాళీ. వియా బరువైన మనిషి వచ్చి ముట్టుకుని పోయిందా, ఇక ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. అలాంటి మనిషి అటు తిరగ్గానే ఒక పాత పేపరు ముక్క వెలిగించి, పీటల చుట్టూ, గిన్నెల మీదా తిప్పి ఆ పీడని తరిమేస్తారు. హనోయ్‌లో బేరం చేసుకునే ఏ ఆడదానికీ ఇది ఒకరు నేర్పక్కర్లేదు.

మియెన్‌ది తేలిక వియా. ఆ పిల్ల గైడు. సాయంత్రం పూట తెల్లవాళ్ళని వెంటేసుకుని వీధి తిండి తినిపించడం దాని ఉద్యోగం. కూర్చోబోతూ పీట కనపడక వెతుక్కునేంత పొడుగు మనుషుల్ని ఆ బుల్లి పీటల మీద కుదేసి, "మోకాళ్ళు చెవులకి తగలాలి, అప్పుడే పులుసు రుచి తెలుస్తుంది" అని నవ్వించేది. సూదితో నత్తని గుల్లలోంచి ఎలా లాగాలో చూపించేది. ఏళ్ళ తరబడి తెల్లవాళ్ళకి టీ పోస్తున్నాను, వాళ్ళ ఇంగ్లీషు ఆ మాత్రం నాకు అర్థమవుతుంది.

కానీ మాకు కావలసింది ఆ తెల్లవాళ్ళు కాదు, వాళ్ళకంటే ముందు వచ్చే మియెన్. షట్టర్లు పడే వేళకి వచ్చి, సందు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బోణీ చేసేది. ఒకచోట నూనెలో వేయించిన నువ్వుల ఉండ, ఒకచోట గంజి, థొవా దగ్గర నత్తల పులుసు నూడిల్స్, చివరికి నా దగ్గర టీ. థొవా అయితే దాన్ని చూడనిదే మూత తీసేది కాదు.

"ఏమే, ఇంతసేపా? నా పులుసు నీకోసం అలిగి కూర్చుంది!" అని అరిచేది.

"అలిగింది పులుసా, నువ్వా అక్కా?" అంటూ వచ్చి కూర్చునేది మియెన్.

ఆ బోణీ అంటే ఆ పిల్లకి ఎంత గర్వమో! పుట్టింది ఎక్కడో దిగువన వరి పొలాల్లో. పెళ్ళయి చాన్నాళ్ళయినా కడుపు పండలేదు. అత్తగారి నోటికి భయపడి పండగలకి కూడా ఇంటిపట్టున ఉండేది కాదు. మొగుడు కియెమ్ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, మంచివాడే గానీ తల్లి ముందు నోరు లేవదు. అత్తింట్లో "గొడ్రాలు" అనిపించుకున్న మనిషిని ఒక సందు సందంతా "రామ్మా, నీ చెయ్యి పడితే చాలు" అని పిలుస్తుంటే ఎలా ఉంటుంది? "పెద్దమ్మా, నేను పనికొచ్చేది ఇక్కడే" అని ఒకసారి నాతోనే అంది. నవ్వుతూనే అంది.

తర్వాత హువాంగ్ కొండ గుహలో పిల్లలనిచ్చే రాయిని తడిమి మొక్కుకుని వచ్చింది. ఆ ఏడే నెల తప్పింది. ఇక చూడాలి మా సందు సంబరం! కడుపుతో ఉన్నవాళ్ళ వియా బరువని చెప్పే మహాతల్లులు మాలోనూ ఉన్నారు. ఒక్కరు నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? బేరాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి మరి. థొవా దానికి నత్తలు వద్దని, పుట్టే బిడ్డకి చొంగ కారుతుందని, విడిగా గుడ్లు వేసి పెట్టేది.

పొట్ట బాగా కనిపించే నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్లట.

కొన్నాళ్ళకి మియెన్ పనిలోకి వచ్చింది. ముఖం పాలిపోయింది, జాకెట్ మెడదాకా బిగించుకుంది. ఎప్పటిలాగే తెల్లవాళ్ళకంటే ముందు వచ్చి థొవా పొయ్యి దగ్గర పీట లాక్కుంది.

"పులుసు ఇంకా మరగలేదు చెల్లీ" అంది థొవా.

కుండలోంచి ఆవిరి కొట్టుకొస్తోంది! నా బల్ల దగ్గరికే వాసన వస్తోంది!

మియెన్ కాసేపు ఆ ఆవిరి వంక చూసి లేచింది. గంజి ఆమె, "గిన్నెలు కడగలేదమ్మా" అంది. నువ్వుల ఉండలామెకి ఉన్నట్టుండి నూనె చల్లారిపోయింది. బిడ్డ పోయినదాని వియా బరువని ఒక్కరూ పైకి అనలేదు. "వద్దు" అని ముఖం మీద అంటే తిరిగి ఒక మాట అనొచ్చు. మరగని పులుసుతో ఎవరు దెబ్బలాడతారు?

నా దగ్గరికి వచ్చి కూర్చోకుండా నిలబడింది.

"కూచోవే" అన్నాను.

"వద్దు పెద్దమ్మా. ఇంకా ఎవరూ రాలేదుగా."

"రాకపోతే ఏం? నువ్వొచ్చావు. తాగు!" అని గ్లాసు చేతిలో కుక్కాను. అది నిలబడే తాగింది. గ్లాసు కింద పెట్టాక మాత్రం నావైపు చూసిన చూపులో కొంచెం ప్రాణం వచ్చింది. దీన్ని మళ్ళీ నిలబెట్టేస్తాను, రేపటికి థొవా కూడా దారికొస్తుంది అనుకున్నాను. నా బేరం బాగుంటే చాలు, ఈ సందుకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పూటే వార్డు వాళ్ళ ట్రక్కు వచ్చింది. వాళ్ళు పేవ్‌మెంటు ఖాళీ చేయించడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొస్తారు, చేతికందింది ఎత్తుకుపోతారు. మూల మీద ఉన్నది నేను కాబట్టి ఆ పూట నా బల్ల, పీటలు, ఐసు డబ్బా ముందు ఎక్కించారు. లోపలివాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని తప్పించుకున్నారు.

సందంతా నావైపు చూసింది. థొవా అయితే "చూశావా" అన్నట్టు తలాడించింది.

"ఏంటే చూసేది? వాళ్ళు నెలనెలా రారా? పోయిన నెల నీ గొడుగు ఎత్తుకుపోలేదూ? అప్పుడు ఎవరు చేశారు నీ బోణీ?" అని అరిచాను. అరిచి ఏం లాభం? తెల్లవాళ్ళని వెంటేసుకుని మియెన్ అప్పుడే సందులోకి వస్తోంది. నా బల్ల లేని చోటు చూసి ఆగిపోయింది.

"పెద్దమ్మా, నీ బల్లే ముందు ఎక్కించారు" అంది.

"నోర్ముయ్. మూల మీద ఉన్నదాన్ని, నాదే ఎక్కిస్తారు."

అది నా మాట వినలేదు. వాళ్ళెవరో నమ్మితే నాకు లెక్కలేదు. ఆ పిల్ల కూడా నమ్మేసింది. ఆ రోజు నుంచి ముందుగా రావడం మానేసింది. తెల్లవాళ్ళని ముందు నడిపించి తాను అందరికంటే వెనక వచ్చేది. పీట మీద కూర్చునేది కాదు. తన నీడ కూడా ఎవరి కుండ మీదా పడకుండా పక్కకి జరిగేది.

నేను మళ్ళీ బల్ల వేసుకున్నాక, ఒక సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. సందులో నరమానవుడు లేడు. థొవాకి ఇంకా బోణీ పడలేదు. మియెన్ గుంపు వచ్చింది. అందులో ఒకడికి కడుపు బాగోలేదు, ఒకామెకి నత్తలంటే భయం. నలుగురూ కలిసి ఒక్క గిన్నె పంచుకుని సగం వదిలేశారు. పైగా ఆ గిన్నె అందించింది మియెన్ చేత్తో. గొడుగు పట్టుకున్న థొవా చేతులు ఖాళీ లేవని, పాపం సాయం చేసింది.

వాళ్ళు లేచారో లేదో, థొవా పేపరు ముక్క వెలిగించింది. సందు దాటేదాకానైనా ఆగొద్దూ? కుండ చుట్టూ తిప్పింది, పీటల కింద తిప్పింది, చివరికి మియెన్ కాళ్ళ వెనక కూడా తిప్పింది. "మంచిదైతే నిలు, పాడుదైతే కదులు, పో, పో!" అని గొణుగుతోంది.

తెల్లవాళ్ళు వెనక్కి తిరిగారు. పొడుగుపాటి ఆడమనిషి ఒకామె కళ్ళు ఇంతింత చేసుకుని, "అయ్యో, ఎంత బాగుందో! ఏంటిది?" అని మియెన్‌ని అడిగింది.

ఏ మాటనైనా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పడమే మియెన్ ఉద్యోగం. నత్త ఏంటి, పులుపు ఎందుకు, ఆ ఆకు పేరేంటి, అన్నీ చెబుతుంది. ఇప్పుడు దీన్ని కూడా చెప్పాలి.

"ఇది దీవెన" అంది. "దూరం నుంచి వచ్చిన అతిథులకి మా వీధి ఇచ్చే దీవెన."

ఇక చూస్కోండి! చప్పట్లు, ఫోటోలు. పొడుగామె తనకీ కావాలని వచ్చి నిలబడింది. థొవాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తన పీడ కాల్చమని పళ్ళికిలించుకుంటూ నిలబడిన మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదాయె. బిత్తరపోయి ఆమె చుట్టూ తిప్పింది. ఆమె రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టింది. నేనైతే నవ్వాలో ఏడవాలో తెలియక గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను.

ఆ వీడియో ఎక్కడెక్కడికి పోయిందో గానీ, కొన్నాళ్ళకి మియెన్ కంపెనీ నుంచి టక్ చేసుకున్న కుర్రాడొకడు దిగాడు. థొవాకి పళ్ళ బుట్ట ఇచ్చాడు. ఆ నిప్పు దీవెన అందరికీ తెగ నచ్చిందట, ఇక నుంచి రోజూ చెయ్యాలట, రెండో గుంపుని కూడా పంపిస్తారట. మియెన్ పక్కనే నిలబడి తల ఊపింది.

వాడు పోగానే నేను థొవా మీదికి వెళ్ళాను.

"సిగ్గులేదుటే? ఆ పిల్ల కాళ్ళ దగ్గర రోజూ నిప్పు పెడతావా?"

"నామీద పడతావేంటక్కా? దీవెన అన్నది ఎవరు? నేనా, అదా?"

"నువ్వు కాల్చబట్టేగా అది అలా అనాల్సొచ్చింది!"

"కాల్చకపోతే నా పిల్లలకి నువ్వు పెడతావా కూడు? అయినా రోజూ కాలిస్తే దానికే మంచిది. ఎప్పటికైనా వదిలిపోతుంది" అంది థొవా. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అదే నాకు మరీ మండింది.

మియెన్‌ని పక్కకి లాగి, "ఆ టక్ వాడికి నిజం చెప్పేయవే" అన్నాను.

"ఏమని చెప్పను పెద్దమ్మా? నా బిడ్డ పోయింది, ఆ దరిద్రాన్ని కాలుస్తున్నారు, ఫోటోలు తీయకండి అనా?"

"మానేసి పో. ఇంకో సందులో చూసుకో."

"అక్కడ మాత్రం పాత పేపర్లుండవా?" అంది.

నోరున్నదాన్నని పేరే గానీ, కావలసినప్పుడు ఈ నోరు దేనికీ పనికిరాలేదు.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అదే తంతు. గుంపు వలయంగా నిలబడుతుంది. ఎలా నిలబడాలో చూపించడానికి ముందు మియెన్ మధ్యలో నిలబడాలి. థొవా నిప్పు తిప్పుతుంది. మా భాషలో "పాడుదైతే కదులు" అంటుంది, వాళ్ళ భాషలో మియెన్ "మీ ప్రయాణం చల్లగా సాగాలి" అంటుంది. పాత పేపర్లు అయిపోతున్నాయని థొవా గొణిగితే, ఇప్పుడు మియెనే ఇంటి నుంచి మడత పెట్టి సంచీలో తెస్తోంది. మళ్ళీ నెల తప్పలేదు. కియెమ్ తల్లి కొడుక్కి వేరే సంబంధం మాట ఎత్తిందని విన్నాను. అది నిజమో కాదో మియెన్‌ని అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మొన్నీమధ్య సెన్ అని ఒక పిల్ల కొత్తగా మా సందులోకి వచ్చింది. పల్లెటూరి నుంచి దిగింది, సోయా పాల జున్ను తీపి పాకంలో వేసి అమ్ముతుంది. ఆ పిల్లకి మా సంగతులేవీ తెలియవు. మొదటి రోజు, ఇంకా ఎవరూ కొనలేదు, బెదురుగా అటూ ఇటూ చూస్తోంది. గుంపు వెనకాల వస్తున్న మియెన్ ముఖం చూసి దానికి ఏమనిపించిందో ఏమో, "అక్కా! నా బోణీ చెయ్యవా? నీ ముఖం చల్లగా ఉంది" అని గిన్నె చాపింది.

సందంతా ఆగిపోయింది. థొవా గరిటె గాల్లో ఉండిపోయింది. తీసుకోవే తల్లీ, తీసుకో అని నేను లోలోపల మొక్కుకున్నాను. మియెన్ చెయ్యి ముందుకి రావడం ఈ కళ్ళతో చూశాను. వేళ్ళు గిన్నె అంచుదాకా వచ్చాయి.

అక్కడ ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని జాకెట్‌కి తుడుచుకుంది.

"వద్దమ్మా. నీకు మొదటి రోజు" అంది.

సంచీలోంచి పేపరు తీసింది, తానే వెలిగించింది. వంగి ఆ పిల్ల కుండ చుట్టూ, పీటల చుట్టూ జాగ్రత్తగా తిప్పడం మొదలుపెట్టింది. తెల్లవాళ్ళు గబగబా ఫోన్లు తీశారు. సెన్ పల్లెటూరిదైతే మాత్రం, పేపరు ఎందుకు కాలుస్తారో దానికి తెలియదా? బిత్తరపోయి చూసింది.

"ఎవర్ని తరుముతున్నావక్కా?" అని అడిగింది.

"నన్నేనమ్మా" అంది మియెన్.

వెనక తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.