తప్పు జవాబుల మేడం

ఎమ్మిగనూరు మేడం గుండెపోటుతో పోయారని మొన్న ప్రార్థన కాగానే హెడ్మాస్టరు చెప్పారు. దుఃఖం కంటే ముందు నాకు తోచింది ఒకటే: ఇక పిల్లలు ఎవరి దగ్గరికి పోతారు? నా దగ్గరికి మాత్రం రారు.

ఆదోనిలో మా బడిలో భౌతికశాస్త్రం చెప్పేది మేమిద్దరమే. ఆమె రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేవారు. మార్కులు నా సెక్షనుకే ఎక్కువ. అయినా గంట కొడితే నా పిల్లలు కూడా ఆమె చుట్టూ మూగేవారు. ఆమె జవాబు అడిగేవారు కాదు, మీకేమనిపిస్తుంది అని అడిగేవారు. తప్పు చెబితే ఆమె ముఖం వెలిగిపోయేది. పత్తి మండీలోనో బస్సులోనో ఎవరైనా పొరపాటుగా అన్న మాట మర్నాడు ఆమె బోర్డు మీద ఉండేది. పాఠం అక్కడే మొదలయ్యేది.

ఒకరోజు నా క్లాసులో జడత్వ నియమాన్ని ఒక అమ్మాయి తడబడకుండా అప్పజెప్పింది. తలుపు దగ్గర నిలబడి విన్న మేడం, పోతున్న బస్సులో నిమ్మకాయ పైకి ఎగరేస్తే ఎక్కడ పడుతుందని ఆ అమ్మాయిని అడిగారు.

"ఎనక్కి పడతాది మేడం. బస్సు ముందుకు పోతాది గదా."

క్లాసంతా అవునంది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పని చెప్పబోతే మేడం ఆపారు.

"ఉండండి సార్. ఆ పాప మనసులో ఏముండాదో మనకు ఇప్పుడు గదా తెలిసింది."

శనివారం పిల్లలను ఎమ్మిగనూరు బస్సెక్కించారు. ఏదో ఒకటి బెడిసికొట్టకపోతుందా అని నేనూ వెళ్లాను. ఊరు దాటి బస్సు ఒకే వేగంతో పోతున్నప్పుడు అమ్మాయి నిమ్మకాయ ఎగరేసింది. అది తిరిగి ఆమె చేతిలోనే పడింది. మళ్లీ వేసినా అంతే.

"ఇది కూడా మనతోపాటే వస్తాండాది మేడం," అంది మెల్లగా.

ఆ ముఖంలోని ఆశ్చర్యం నా పాఠంలో ఎన్నడూ చూడలేదు. దానికే ఇన్నేళ్లూ కుళ్లుకున్నాను. తర్వాత నేనూ మేడంలాగే అడిగి చూశాను. పిల్లలు నాకు కావలసిందే చెప్పేవారు.

"మీరు అడిగేటప్పుడు జవాబు మీ మొగంలోనే ఉంటాది సార్," అని నవ్వారు మేడం. నా పాఠం గురించి అంత నిజం ఇంకెవరూ చెప్పలేదు.

ఆఖరి చూపుకు వెళ్లిన రోజు మబ్బు పట్టి చలిగా ఉంది. ఆమె ఇంటి ముందు షామియానా కింద మా బడి పిల్లలు గుసగుసగా వాదించుకుంటున్నారు. చెక్క బల్ల కంటే ఇనుప కుర్చీ చల్లగా ఉండటం గాలి తగలడం వల్లేనని ఒకరు, కాదు ఇనుములోనే చలి ఉంటుందని ఇంకొకరు. రెండింటిదీ ఒకే చల్లదనమనీ, ఇనుము ఒంట్లో వేడిని తొందరగా లాగేస్తుందనీ చెప్పడానికి నోరు తెరిచాను.

ఎవరూ నా వైపు చూడలేదు. అందరి చూపూ గుమ్మం వైపే ఉంది. లోపలి నుంచి అగరొత్తుల పొగ సన్నగా బయటికి వస్తోంది.