దూది తాకని మచ్చ

పోయిన ఆదివారం శిరివెళ్లలో చుట్టాలు కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుని పిలిస్తే వెళ్లాను. వంటమనిషి పొయ్యి మీది అన్నం గుండిగను గుడ్డ లేకుండా ఉత్త చేతులతో దించితే అందరూ అతని ధైర్యాన్ని మెచ్చుకున్నారు గానీ, నేను అతని చేతులకేసే చూశాను. పక్కకు పిలిచి చూస్తే మణికట్టు పైన పాలిపోయిన మచ్చ. రేపు ఆళ్లగడ్డ ఆసుపత్రికి నాతో రా, మందులు ఊరికే ఇస్తారు, నయమవుతుందని చెప్పాను.

"నలుగురికీ వండిపెట్టేటోన్ని సార్. నా బతుకు మీద మన్ను పోయొద్దు" అని చేయి లాక్కుని పోయాడు. మర్నాడు బస్టాండులో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాలేదు. ఆ బెంచీ మీదే మా అక్క గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో కుష్ఠు అనే మాట నోటితో అనకుండా పెద్దరోగం అనేవాళ్లం. దాన్ని వెతికే ఉద్యోగమే నాది. నంద్యాల నుంచి సైకిలు తొక్కుతూ, చక్రాలకు పట్టిన నల్లరేగడి మట్టిని పుల్లతో గీక్కుంటూ, ఊరూరా ఇల్లిల్లూ తిరిగి, మచ్చ కనబడినవాళ్లను కళ్లు మూసుకోమని దూది కొసతో తాకి, ఎక్కడ తాకానో వేలుపెట్టి చూపమనేవాణ్ని. స్పర్శ తెలియక చూపలేకపోతే పేరు రాసుకుని మాత్రలు మొదలుపెట్టేవాళ్లం. తొందరగా పట్టుకుంటే వేళ్లు వంకర పోవని ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పేవాణ్ని.

అక్కను ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఇచ్చారు. ఒక కోతల కాలంలో వాళ్లింటికి వెళ్తే మోచేతి దగ్గర మచ్చ చూపింది. "ఇదేందో సూడప్పా, ఎన్నాళ్లైనా పోవడంల్యా."

దూది నా సంచిలోనే ఉంది. తీయలేకపోయాను. తోడబుట్టినదాని పేరు నా చేత్తో రాయాల్సి వస్తుందేమోనని భయపడి, మామూలు శోభి మచ్చ అయి ఉంటుందిలే, గంధకం పూసుకో అన్నాను. తర్వాత ఆ ఊరి వంతు వచ్చినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను.

రెండేళ్లకు బావ కబురు పంపాడు. అప్పటికే ఆమె చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయాయి. కొడవలి పట్టు చిక్కడం లేదు. రొట్టెల పెనానికి చెయ్యి కాలినా తెలియలేదట. అప్పుడు దూది తీశాను. మచ్చ మీద ఎన్నిసార్లు తాకినా, నేనింకా తాకనేలేదనుకుని అక్క కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.

కళ్లు తెరిచి, నా ముఖం చూసి, "ఆ పొద్దే నీకు తెల్సు గదప్పా?" అంది. నేను పుస్తకం తీసి ఆమె పేరు రాశాను.

ఏడాది పైగా మాత్రలు మింగితే రోగం పోయింది గానీ వేళ్లు తిన్నగా కాలేదు. ఇక ఎవరికీ అంటదని ఎంత మొత్తుకున్నా బావ ఇంటివాళ్లు ఆమె కంచమూ చెంబూ పశువుల కొట్టం దగ్గరే పెట్టారు. నేను చేసిన పని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు బాగుండేది. పోయిన వానాకాలంలో కన్నుమూసింది. శవపెట్టెలో ఆమె చేతులు జోడించడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేనే జోడించాను.

ఇప్పుడు ఆ పల్లెలకు తారు రోడ్లు పడ్డాయి, మందు ఆసుపత్రుల్లో దొరుకుతుంది, సైకిలేసుకుని గడప గడపకూ వచ్చేవాళ్లే కనబడరు. మన కాలంలో మనిషిని మనిషి చేయి పట్టుకుని చూసే తీరిక ఉండేదని నా ఈడు వాళ్లు అంటూ ఉంటారు. నేను తల ఊపలేను. అక్క మచ్చ చూపిన ఆ రోజు తీరిక నాకూ ఉండింది.