లిస్టులో లేని ఫైలు

తొంభైల చివర్లో చోడవరం నుంచి అనకాపల్లి దాకా కంప్యూటరు ఫైలుని దాని వేలిముద్రతో పట్టేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వేలిముద్రలు, అంటే ఒక్కో ఫైలుని లెక్కగట్టి కంప్యూటరిచ్చే ముప్పై రెండు అక్షరాల హ్యాష్‌లు నలభై ఫైళ్ళవి కంఠతా అప్పజెప్పేవాణ్ణి.

అబద్ధం. ఒక్కటీ రాదు. మొదటి నాలుగక్షరాలూ చివరి నాలుగూ చూసి తలాడించేవాణ్ణి.

నేను పాఠాలు చెప్పిన కంప్యూటరు సెంటరు గోడకి విశాఖపట్నం నుంచి తెచ్చిన ప్రింటవుట్ ఒకటి అంటించి ఉండేది. చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే లైబ్రరీ ఫైళ్ళ పేర్లు, పక్కన వాటి హ్యాష్‌లు. ఫైల్లో ఒక్క చుక్క మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. అందుకే లిస్టుతో కలిస్తే అసలు ఫైలని నమ్మకం. కలవకపోతే? లిస్టుకి తెలియని ఫైలు, అంతే. కొత్త వెర్షనూ కావచ్చు. ఆ సంగతి నాకు తెలుసు.

ఒక సోమవారం కంప్యూటర్లు మొరాయించాయి. నాతోపాటు పాఠాలు చెప్పే వడ్డాది నుంచి బస్సులో వచ్చే అమ్మాయి అంతకుముందు వారమే లైబ్రరీ ఫైలొకటి కొత్తది ఎక్కించింది. దాని హ్యాష్ తీశాను. లిస్టులో లేదు.

"ఏటి మాస్టారూ, ఎవలి పనిది?" అన్నాడు ఓనరు.

"ఈ ఫైలు దొంగది."

"దొంగదేటండీ! కంపెనీ డిస్కులోంచే కదా ఎక్కించేను," అందా అమ్మాయి. "మీ లిస్టే పాతది."

"హ్యాష్ అబద్ధమాడదమ్మా," అన్నాను, గోడ మీది కాగితాన్ని దేవుడి పటంలా చూపిస్తూ.

ఓనరు నా మాటే విన్నాడు. ఆ అమ్మాయిని రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"కొత్త లిస్టొస్తే ఓపాలి సూస్తారా మాస్టారూ? నా ఉద్యోగం మీ సేతిలో ఉంది."

చూస్తానన్నాను.

పదిహేను రోజులకి కొత్త లిస్టు వచ్చింది. ఈసారి ముప్పై రెండక్షరాలూ వేలు పెట్టి చూశాను. ఆమె ఫైలు పొల్లు పోకుండా కలిసింది. వేరే పాత ఫైలొకటి ఏ లిస్టుతోనూ కలవలేదు. అది మారిన తేదీ చూశాను. నేను ఇంటినుంచి ఫ్లాపీలో పేకాట గేము తెచ్చి ఎక్కించిన రోజు.

గేము తీసేసి, ఆ ఫైలు స్థానంలో అసలుది పెట్టేశాను. కంప్యూటర్లు మొరాయించడం మానేశాయి. ఓనరుకి చెప్పలేదు. కొత్త లిస్టు జేబులో పెట్టుకుని, గోడ మీద పాతదే ఉంచాను.

మర్నాడు బస్టాండులో ఆమె ఎదురైంది. పరిగెత్తుకెళ్ళి క్షమాపణ అడిగానని మా ఇంట్లో చాలాసార్లు చెప్పాను. అడగలేదు.

"లిస్టొచ్చిందేటి మాస్టారూ?"

"ఇంకా లేదమ్మా."

వడ్డాది బస్సు కదిలేదాకా చొక్కా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.